ఇంజను ఆపి పడుకో, బావా

విశాఖపట్నం
ఆగస్టు 1982

గురునాథానికి,

మీ బావ పోలిరాజు రాసేది. మీ అక్క చిలకమ్మ సంవత్సరీకం జరిగిపోయింది. నువ్వు రాలేకపోయావని నేనేమీ అనుకోలేదు. ఫౌండ్రీలో సెలవు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. పంతులుగారూ, నేనూ, గాజువాకలో నేనుంటున్న ఇంటి యజమానురాలు రామలక్ష్మమ్మగారూ, ముగ్గురమే. పిల్లలు లేని ఇల్లు, ఇంకెవరొస్తారు? అంతా అయ్యాక ఆవిడే బలవంతాన రెండు ముద్దలు తినిపించింది.

నాకు పని దొరికిన సంగతి నీకు రాయలేదు. మన ఊరు స్టీలు ప్లాంటులోకి వెళ్ళిపోయాక, నాగలి తప్ప మరొకటి పట్టని చేతులతో ఏం చెయ్యాలో తెలియక చాలాకాలం తిరిగాను. ఇప్పుడు ఒక కాంట్రాక్టరు లాంచీ మీద కాపలా. పాత చెక్క లాంచీ. బయట సముద్రంలో లంగరేసుకున్న ఓడలకి బియ్యం, కూరగాయలు, తాళ్ళు మోసుకుపోతుంది. పగలు సరుకు ఎత్తి దించుతాను. సాయంత్రం చేపల రేవులో లాంచీ కట్టేసి డ్రైవరు ఇంటికి వెళ్ళిపోతే, దాన్ని చూసుకోవడం నా పని. మొదటి వారమంతా కక్కుకున్నాను. ఇప్పుడు నేల మీద నడిస్తేనే తూలినట్టుంటుంది.

గది బాగానే ఉంది. వేళకి తింటున్నాను. ఈమధ్య పొద్దున్నే తలనొప్పి పట్టుకుంటోంది. కణతల మీద ఎవరో పిడికిళ్ళతో నొక్కినట్టుంటుంది. వయసో, దిగులో, ఈ ముసురో. నీకు కాక ఎవరికి చెప్పుకోను.

మీ ఆవిడ పద్మావతిని అడిగానని చెప్పు.

మీ బావ
పోలిరాజు


రాయపూర్
సెప్టెంబరు 1982

బావకి గురునాథం నమస్కారాలు.

చేతిరాత మారిందేమిటా అని కంగారుపడకు. నేను చెబుతుంటే పద్మావతి రాస్తోంది. చేతికి చిన్న కాలిన గాయం. పోతపని చేసేవాళ్ళకి మామూలే.

నీ ఉత్తరం విప్పగానే డీజిలు కంపు గుప్పుమంది. పద్మావతి ముక్కు మూసుకుంది. మడత దగ్గర నల్లటి వేలిముద్ర కూడా ఉంది. గాజువాక గదిలో కూర్చుని రాసిన ఉత్తరానికి డీజిలు ఎక్కడిది బావా? నువ్వు అసలు ఆ గదిలో ఉంటున్నావా?

తలనొప్పికి శొంఠి అరగదీసి పట్టు వేసుకో. పెందరాళే తిని పడుకో. ఆలోచనలు పెట్టుకోకు. నాకు ఇంతకన్నా వైద్యం తెలియదు.

ఇక్కడ అంతా కులాసా. పని బాగానే సాగుతోంది.

గురునాథం


విశాఖపట్నం
అక్టోబరు 1982

గురునాథం,

పద్మావతి ముక్కుకి దండం పెట్టాలి. గది ఖాళీ చేసేశాను. సంవత్సరీకం మర్నాడే తాళం ఇచ్చేశాను. మీ అక్క మంచం పట్టిన మూల ఆ గదిలోనే ఉంది. ఆ మూలకి తల పెట్టి పడుకోలేను, కాళ్ళు పెట్టి పడుకోలేను. లాంచీలోనే ఉంటున్నాను. చెబితే నువ్వు వచ్చి రాయపూర్ తీసుకుపోతావని రాయలేదు.

ఇంజను గది వెనకాల చిన్న కేబిన్ ఉంది. మధ్యలో చెక్క గోడ. కాళ్ళు ముడుచుకుంటే ఒక మనిషి పడుకోవచ్చు. లాంచీ పాతది, అడుగునుంచి నీరు ఊరుతుంది. అందుకని సాయంత్రం ఇంజను వేసి పంపుతో నీళ్ళు తోడిస్తాను. బ్యాటరీకి ఛార్జి కూడా అప్పుడే ఎక్కుతుంది. వాన లోపలికి కొట్టకుండా కిటికీ రెక్కలన్నీ మూసి, పైన టార్పాలిన్ కప్పేస్తాను. ఇంజను దడదడలాడుతుంటే చెక్కలన్నీ వెచ్చబడతాయి. ఆ చప్పుడుకి ఇట్టే కునుకు పడుతుంది.

ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పకు. మీ అక్క వస్తోంది.

కల కాదు. కళ్ళు తెరిచే ఉంటాను. కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. పొందూరు నుంచి తెచ్చిన ఆ నేత చీరే. నా కాలి మీద చెయ్యి వేస్తే బరువు తెలుస్తుంది. "తిన్నావేటి?" అంటుంది. తిన్నానంటాను. "అలగైతే తొంగో. నానిక్కడే ఉంతాను" అంటుంది. తినడం, పడుకోవడం, అంతకు మించి మాటలుండవు. ఏడాదిగా ఇంత ఊరట నాకు లేదు గురునాథం.

పొద్దున లేచేసరికి తల పగిలిపోతుంటుంది. వాంతులు. మోకాళ్ళలో జీవం ఉండదు, గట్టు మీదికి ఎక్కడానికి డ్రైవరు చెయ్యి అందించాలి. పూర్ణా మార్కెట్‌కి నడిచి వెళ్ళి కూరగాయల బస్తాలు ఎత్తేసరికి అంతా తేలిపోతుంది. మళ్ళీ సాయంత్రానికి మామూలే.

డ్రైవరుకి కొంచెం చెప్పాను. రేవులో అందరూ నన్ను బావా అనే పిలుస్తారు. "బావా, సచ్చిపోయినోలు ఊరికినే రారు. తోలుకెల్లిపోడానికే వొస్తారు. మంత్రగాడికి సూపించుకో" అన్నాడు. నవ్వాను. తోలుకుపోతే పోనీ. వాంతులైతే అవనీ. ఆవిడ వస్తోంది కదా.

పోలిరాజు


రాయపూర్
అక్టోబరు 1982

బావా,

టెలిగ్రాం ఇచ్చాను. అది ముందే అంది ఉంటుంది. ఇంగ్లీషు ముక్కలు ఎవరూ చదివి పెట్టకపోతే ఇదీ దాని అర్థం: ఇంజను నడుస్తుండగా లోపల పడుకోవద్దు. ఈ ఉత్తరం చదువుతున్న చోటు ఆ కేబినే అయితే ముందు బయటికి వచ్చి తర్వాత చదువు.

నీకొకటి చెప్పలేదు. అక్క పోయిన బాధలో ఉన్నావని దాచాను. పోయిన చలికాలం ఫౌండ్రీలో, కొలిమి వెనక చిన్న షెడ్డులో నేనూ ఇంకో ఇద్దరూ పని చేస్తున్నాం. చలికి రేకు తలుపులు మూసుకున్నాం. కొలిమి గొట్టం ఎక్కడో పగిలి గ్యాసు షెడ్డులోకి వస్తోందని మాకు తెలియదు. ఎవరం దగ్గలేదు. ఎవరికీ కళ్ళు మండలేదు. తల నొప్పి అన్నాడొకడు. నాకు కడుపులో తిప్పింది. కాసేపు కూర్చుందామనుకున్నాం. అంతే. ఇనుము దించుకోడానికి వచ్చిన లారీ డ్రైవరు తలుపు తీసి మమ్మల్ని రెక్కలు పట్టి బయటికి ఈడ్చాడు. ఇద్దరం బతికాం.

దాన్ని కార్బన్ మోనాక్సైడు అంటారట. బొగ్గయినా, డీజిలయినా సరిగ్గా కాలకపోతే పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడితేనే అది ఉందనుకోకు. కనబడకపోతే లేదనుకోకు. మన రక్తంలో మంచి గాలి కూర్చోవలసిన చోట అది కూర్చుంటుందని డాక్టరు చెప్పాడు. తలనొప్పి, వాంతి, మోకాళ్ళు విరిగినట్టుండటం, ఆపుకోలేని నిద్ర. గాలిలోకి వెళ్తే తేలిక. నీ ఉత్తరంలో ఒక్కటీ తప్పిపోలేదు బావా. నీ ఒంట్లో రోగం లేదు. ఆ ఇంజను పొగగొట్టం ఎక్కడో కారుతోంది. అతుకుల దగ్గర మసి చార ఉంటుంది, చూడు. మేస్త్రీని పిలిచి బాగుచేయించు. బాగుచేయించినా సరే, ఇంజను నడిచినంతసేపూ రెండువైపులా రెక్కలు తీసి గట్టు మీద కూర్చో. తడిస్తే తడు. ఇంజను ఆపి, గాలి ఆడాక పడుకో. పక్క పడవల పొగ నీ కిటికీలోకి కొడుతోందేమో అదీ చూసుకో. ఎవరైనా లోపల పడి ఉంటే ఒక్కడివే దూకకు. ముందు కేకెయ్యి, తలుపులు తియ్యి, ఇంజను ఆపు.

అక్క సంగతి ఎలా రాయాలో తెలియడం లేదు. ఆ గ్యాసు ఎక్కితే లేనివి కనబడతాయని డాక్టరే చెప్పాడు. వచ్చేది అక్క కాదు బావా.

గురునాథం


విశాఖపట్నం
నవంబరు 1982

శ్రీ గురునాథరావుగారికి,

టెలిగ్రాం అందింది. ఉత్తరం అందింది.

మీరు చెప్పినట్టే రెక్కలు తీసి, వానలో తడుస్తూ గట్టు మీద కూర్చున్నాను. ఇంజను ఆపాక లోపలికి వెళ్ళి పడుకున్నాను. ఎవరూ రాలేదు. మర్నాడు కూడా రాలేదు. తల నొప్పి రాలేదు, నిజమే.

మూడోనాడు ఇంజను వేసి రెక్కలు మూసుకున్నాను.

మీకు భార్య ఉంది. మీరు చెబితే రాసిపెట్టే మనిషి ఉంది. గ్యాసని మీరు పేరు పెట్టారు, నాకు దానికి వేరే పేరుంది. నాకున్న ఒక్కటీ తీసుకోకండి. ఇక దీని గురించి రాయవద్దు.

పోలిరాజు


రాయపూర్
నవంబరు 1982

బావా,

నువ్వు నన్ను మీరని రాశావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను మీరనడం ఇదే మొదలు. పద్మావతి ఆ మాట చదవలేక ఆగిపోయింది.

ఒక్కటే రాస్తాను. షెడ్డులో పడి ఉన్నప్పుడు నాకెవరూ కనపడలేదు. అమ్మ రాలేదు, అక్క రాలేదు. అంతా నలుపు. నీకు అక్క కనబడిందని చదివినప్పుడు ముందు నాకు భయం కాదు, ఈర్ష్య కలిగింది. నిన్ను తిట్టే హక్కు నాకు లేదు. కానీ నువ్వు కూడా వెళ్ళిపోతే మన వైపు నాకు ఎవరున్నారు?

ఇంజను ఆపి పడుకో బావా.

గురునాథం

అన్నయ్యా, నేను పద్మావతిని. ఆయన నిద్రపోయాక ఈ నాలుగు ముక్కలూ నేను కలుపుతున్నాను. ఆయన చేతికి కాలిన గాయమేమీ లేదు. ఆ ప్రమాదం తర్వాత కొన్నాళ్ళు బాగానే ఉండి, తర్వాత చేతులు వణకడం మొదలైంది. కలం నిలవదు. పని మానేశారు. నేనే ఒక బడిలో ఆయాగా చేరాను. అన్నిటికన్నా మరుపు ఎక్కువైంది. సంవత్సరీకానికి రాకపోవడం సెలవు లేక కాదు, ఆయన్ని ఒక్కరినే రైలెక్కించడానికి నాకు ధైర్యం చాలక. మొన్న పొద్దున కాఫీ తాగుతూ, "మా అక్క ఎలా ఉండేది?" అని అడిగారు. నాకేం తెలుసన్నయ్యా, ఆవిడతో నేనున్నది మా పెళ్ళిలో నాలుగు రోజులు. ఆయన అక్క ఇప్పుడు మీ దగ్గర తప్ప ఎక్కడా లేదు. ఆయన పోగొట్టుకున్నట్టు మీరూ పోగొట్టుకోకండి.


విశాఖపట్నం
డిసెంబరు 1982

గురునాథం, పద్మావతి, ఇద్దరికీ,

మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. అప్పటినుంచి రెక్కలు మూయలేదు. నీ మాట నమ్మి కాదు, పద్మావతి రాసిన దానికి సిగ్గుపడి.

ఇప్పుడు జరిగింది రాస్తాను.

వాయుగుండం పట్టి వారం రోజులు ముసురు. సముద్రంలోకి ఎవరినీ వెళ్ళవద్దన్నారు. పడవలన్నీ రేవులో ఒకదాన్నొకటి ఆనుకుని కట్టి ఉన్నాయి. నా లాంచీ పక్కన యారాడవాళ్ళ మరపడవ. దాన్ని నడిపే సరంగు నూకయ్య, వాడి మావ ఎర్రయ్య, ఇంకొకడు. ముగ్గురూ మధ్యాహ్నం అన్నానికి ఎసరు పెట్టుకుని, వాన పెద్దదైతే లోపలికి దూరి మూత వేసుకున్నారు. నీళ్ళు తోడటానికి ఇంజను నడుస్తోంది.

నేను నా కేబిన్‌లో వల తాడు పేనుతున్నాను. నా ఇంజను ఆపే ఉంది. కణతలు మొదలయ్యాయి. అదే పిడికిలి. నా ఇంజను ఆగి ఉంటే ఇదెక్కడిదని లేచి చూస్తే, వాళ్ళ పొగగొట్టం తిన్నగా నా కిటికీ వైపుకి ఉంది. నువ్వు రాసిన మాట అప్పుడు గుర్తొచ్చింది. అటు చూస్తే పైన రేకు చాటున పొయ్యి మీద అన్నం మాడి కంపు కొడుతోంది. ఎవరూ లేవడం లేదు.

"నూకయ్యా! ఓరి నూకయ్యా!" అని అరిచాను. పలకలేదు. గట్టు మీద టీ కొట్టు దగ్గరున్నవాళ్ళని కేకేసి, వాళ్ళ పడవలోకి దూకాను. మూత లాగేశాను. ఇంజను ఆపాను. ఊపిరి బిగబట్టి చేతికందినవాణ్ణి చంకల కింద పట్టుకుని లాగాను. అది నూకయ్య. బయటికి తల పెట్టి గాలి పీల్చుకుని మళ్ళీ దిగాను. ఈలోగా ఇంకో ఇద్దరు వచ్చారు. రెండోవాణ్ణి వాళ్ళు లాగారు. ఎర్రయ్య అన్నిటికన్నా లోపల, ఇంజను పక్కన పడుకున్నాడు. బయటికి తెచ్చి వానలో పడుకోబెడితే మొహం ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. లేచి టీ అడుగుతాడనిపించింది. లేవలేదు.

గట్టు మీద జనం చేరి, "తాగీసి తొంగున్నార్రా" అన్నారు. ఎర్రయ్య భార్య దేముడమ్మ యారాడ నుంచి వచ్చి ఆ మాట వింది. "మావోడు సుక్క ముట్టడు బాబూ, సచ్చినోడి మీద నింద ఎయ్యకండి" అని ఒక్కొక్కరినీ పట్టుకుని చెబుతోంది. నేను వెళ్ళి ఆవిడ ముందు నిలబడి చెప్పాను, తాగి కాదు, ఇంజను గ్యాసు చంపింది అని. అందరూ వినేలాగే చెప్పాను. "నీకెలగ తెల్సు బావా?" అన్నారెవరో. నాకూ అదే పట్టింది గనక అన్నాను.

రెండో రోజు పెద్దాసుపత్రికి వెళ్ళి నూకయ్యని చూశాను. తెలివొచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "బావా, మాయమ్మ వొచ్చింది. నాను సిన్నోడిగుండగా సచ్చిపోయిన మాయమ్మ. తల నిమిరి 'తొంగో నాయినా' అంది. నువ్వెందుకు లాగీసినావు?" అన్నాడు. ఏడుస్తున్నాడు.

వాడి చేతిలోంచి చెయ్యి విడిపించుకుని ఆసుపత్రి మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాను. వాడికి తల్లి, నాకు భార్య. ఎర్రయ్యకి ఎవరు కనబడ్డారో, ఎవరి మాట విని అంత హాయిగా పడుకున్నాడో. ఒకే పొగ గురునాథం. మనిషిని బట్టి చీర మారుస్తోంది.

మేస్త్రీ వచ్చి నా లాంచీ గొట్టం విప్పాడు. అతుకు దగ్గర నా వేలు దూరేంత చిల్లు ఉంది. కొత్తది వేశాడు. పక్కనున్న పడవలవాళ్ళని పిలిచి చూపించాను. కొందరు విన్నారు.

మీరని రాసినందుకు మనసులో పెట్టుకోకు.

మీ బావ
పోలిరాజు


గాజువాక
ఫిబ్రవరి 1983

గురునాథం,

లాంచీ మీద పగటి పని మాత్రం ఉంచుకుని, గాజువాకలో మెయిన్ రోడ్డు మీద ఒక కొట్టు పైన గది తీసుకున్నాను. కిటికీ తెరిస్తే బస్సుల దుమ్ము. దేముడమ్మ చేపలు అమ్ముకుంటూ ఈ వైపు వస్తుంది. వచ్చినప్పుడల్లా కిందనుంచి కేకేసి, నేను తల బయట పెడితే చూసి వెళ్ళిపోతుంది.

పద్మావతీ, ఇక్కడినుంచి ఆయనకి నెమ్మదిగా చదివి వినిపించు.

మీ అక్క పొట్టి. నడక జోరు. ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ, నువ్వు విసిరిన బొంగరం తగిలి పడింది. నీకు దెబ్బలు తప్పించడానికి గడప తగిలిందని ఇంట్లో అబద్ధం చెప్పిందట. పులుపు ఎక్కువ తినేది. పాట రాదు, కానీ ఊడ్పుల్లో అందరికన్నా గట్టిగా పాడేది. నోరు మంచిది కాదు. నాకు అన్నం తెచ్చి ఒక్కరోజు కూడా తిట్టకుండా పెట్టలేదు. చేను గట్టు మీద నిలబడి, "ఎండెక్కీసింది, గెడ్డలో సేతులు కడుక్కుని రావేటి? బురద సేతుల్తో తినీడానికి గేదివా మనిసివా?" అని ఊరంతా వినబడేలా అరిచేది. జబ్బులో కూడా అంతే. మందు గ్లాసు నా చేతిలోంచి లాక్కుని, "నీకు పోయడం రాదు, ఒగ్గీయ్" అంది. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు.

లాంచీలోకి వచ్చినావిడ నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. అంత మెత్తగా మీ అక్క ఎప్పుడూ మాట్లాడలేదు. ఇది తట్టడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. కనబడిన ఆవిడ పోయాకే, నేను మాటలు పడ్డ మన చిలకమ్మ ఒక్కొక్కటిగా గుర్తొస్తోంది. ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ రాస్తాను. మళ్ళీ మరిచిపోతే మళ్ళీ అడుగు, మళ్ళీ రాస్తాను. నీ చెయ్యి ఎంత వణికినా సరే, ఒక్క ముక్క నువ్వే రాయి. గీతలైనా ఫరవాలేదు.

ఈ గదిలో మొదటి రాత్రి సంగతి. దీపం ఆర్పాక చాలాసేపు చెవులు రిక్కించుకునే ఉన్నాను. ఎప్పుడో నిద్ర పట్టింది. తెల్లారి లేచేసరికి నొప్పి లేదు, వికారం లేదు, మోకాళ్ళు గట్టిగా ఉన్నాయి. ఇంత తేలికైన ఒంటిని పెట్టుకుని ఎటు వెళ్ళాలో తోచక, మొదటి బస్సు వచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాను.

మీ బావ
పోలిరాజు